మొదటి ధార

నాచారంలో బస్సు దిగగానే బిస్కెట్లు కాలుతున్న తీపి వాసన ముఖానికి తగులుతుంది. ఆ వాసనకి చాలామందికి ఆకలేస్తుంది. నాకు సరోజిని మేడం గుర్తొస్తారు. హబ్సిగూడ ప్రయోగశాలలో నా మొదటి పై అధికారి ఆమె. ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ను ముందే పట్టుకోవడం మా పని.

ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే స్త్రీల కోసం శిబిరం పెడితే, పరదా వెనక కాళ్లు ఎడంగా పెట్టి పడుకోవాల్సిన పరీక్ష మంచం చూసి అందరూ వెనక్కి మళ్లారు. చదువు లేక భయపడుతున్నారని మాతో వచ్చిన డాక్టరు విసుక్కుంది. మేడం బయటికెళ్లి, మెట్ల మీదున్న యాదమ్మ అనే ప్యాకింగ్ పనామె పక్కన తానూ కూర్చుని, ఏది కష్టంగా ఉందని అడిగారు.

“పరీక్షకు భయం లేదు మేడం. గా మంచమెక్కుడే నాతోని కాదు,” అంది యాదమ్మ.

తిరిగొచ్చేటప్పుడు ఆటో హబ్సిగూడ చౌరస్తాలో ఆగినప్పుడు మేడం, “మంచం లేకుండా చేద్దామమ్మా,” అన్నారు.

మూత్రంలోనూ ఆ వైరస్ ఆనవాళ్లు దొరుకుతాయి. కాకపోతే మొదటి ధారే పట్టాలి. గర్భాశయ ముఖద్వారం నుంచి కిందికి జారిన కణాలను కడిగి తెచ్చేది అదే. మామూలు ల్యాబుల్లో మొదటిది వదిలేసి మధ్యలోది ఇవ్వమంటారు, అందరికీ అదే అలవాటు. రెండోసారి శిబిరంలో ఈ సంగతి చెప్పే పని నాకు అప్పగించారు. ఆ పక్కనే ఉప్పల్‌లో పుట్టి పెరిగినదాన్ని, వాళ్ల మాటే నా మాట, అయినా తలొంచుకుని ఏవో ఇంగ్లీషు మాటలు గొణిగాను. ఎవరికీ అర్థం కాలేదు. మీ అమ్మకెలా చెబుతావో అలా చెప్పమన్నారు మేడం, మెల్లగా.

“ఉచ్చ పోసేటప్పుడు మొదటి ధారనే డబ్బాల పట్టున్రి. ఇడ్సిపెట్టొద్దు,” అన్నాను.

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్యే మేడం ఒక డబ్బా తీసుకుని బాత్రూంకి వెళ్లి, తన శాంపిల్ తెచ్చి అందరి ముందూ ఐసు పెట్టెలో పెట్టారు. ఆమె తర్వాత లేచింది యాదమ్మే.

యాదమ్మ శాంపిల్‌లో వైరస్ కనిపించింది. అది క్యాన్సర్ కాదని, డాక్టరు ఒకసారి చూడాలని, మేడం ఆమెను విడిగా కూర్చోబెట్టుకుని చెప్పారు. అంటే మళ్లీ ఆ మంచమే.

“మీరు పక్కన నిలవడ్తరంటే ఎక్కుత,” అంది యాదమ్మ, కొంగు నలుపుతూ.

దవాఖానాలో మేడం ఆమె చెయ్యి వదల్లేదు. ముందు ముందు క్యాన్సర్‌గా మారగల మచ్చ బయటపడింది. చిన్న చికిత్సతోనే తీసేశారు. యాదమ్మ ఇప్పటికీ ఆ ఫ్యాక్టరీలోనే ఉంది. తర్వాతి శిబిరాలకు తన బస్తీ ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది కూడా ఆమే.

మేడం రిటైరై అన్నోజిగూడలో ఉంటున్నారు. ఇవాళ్టికీ ఏ స్త్రీ అయినా పరీక్ష వద్దంటే నేను నచ్చజెప్పడం మొదలుపెట్టను. పక్కన కూర్చుని, ఏది వద్దో అడుగుతాను. ఇదెక్కడ నేర్చుకున్నారని కొత్తగా చేరిన అమ్మాయిలు అడిగితే మేడం పేరు చెబుతాను, గర్వంగానే.