గ్రిజెల్ అత్త దగ్గు

గ్లాస్గోలో, గ్యాలోగేట్ వీధిలోని ఆ రాతి మేడలో గ్రిజెల్ టానక్‌ను అందరూ గ్రిజెల్ అత్త అనేవారు. కింది వాటాలో మొదటి గది ఆవిడది. గదుల్లో మనుషుల లెక్క చూడటానికొచ్చే శానిటరీ ఇన్‌స్పెక్టర్ల బూట్ల చప్పుడు వాకిట్లో వినపడగానే పొయ్యి వెనక గోడను ఇనుప చువ్వతో మూడుసార్లు కొట్టేది. పొగగొట్టం గోడ అందరిదీ ఒకటే కాబట్టి ఆ చప్పుడు పై అంతస్తు దాకా పాకేది.

ప్రతి తలుపు మీదా మునిసిపాలిటీ వారి రేకు బిళ్ల ఒకటి ఉండేది, ఈ గదిలో ఇంతమందే పడుకోవాలని. పిల్లలు సగం మనిషి లెక్క. మూడున్నర మంది గదిలో ఏడుగురు పడుకోకపోతే అద్దె గిట్టేదెలా? చువ్వ మోగగానే ఎక్కువైన పెద్దలు అటకెక్కేవారు. పిల్లలను చక్రాల మంచంతో సహా పెద్ద మంచం కిందికి తోసేవారు. ఆ మంచం అంచున గ్రిజెల్ లాంటి భారీ మనిషి పావడా పరుచుకుని కూర్చుంటే దేవుడికైనా లెక్క తేలదు. అలా కూర్చోవడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి.

"సగం మనిషికి సగం అద్దె చాలేమో, మా ఇంటి యజమానిని కాస్త అడిగిపెట్టండి బాబూ," అని ఇన్‌స్పెక్టర్లనే ఆట పట్టించేది.

ఆ ఫిబ్రవరిలో, పై అంతస్తులో ఉండే కూతురు మారియన్ బిడ్డ నెటీకి గొంతు పట్టేసింది. డిస్పెన్సరీ డాక్టరు డిఫ్తీరియా అని శానిటరీ ఆఫీసుకు కబురు పెట్టాడు. గ్రిజెల్‌కూ మారియన్‌కూ ఒకటే భయం, పిల్లను తీసుకుపోతారని. అంతకు ముందోసారి నెటీ అన్నను జ్వరాల ఆసుపత్రి బండి ఎక్కించుకుపోయారు. చూడటానికి రానివ్వలేదు. వాడికొక నంబరిచ్చారు. సాయంత్రం పేపర్లో ఆ నంబరు కుదుటపడుతున్నవాళ్ల వరుసలో ఉందో, ప్రమాదంలో ఉన్నవాళ్ల వరుసలో ఉందో చూసుకోవడమే. ఒకరోజు ఏ వరుసలోనూ లేదు. వాడూ లేడు.

డాక్టరు కబురు పెట్టిన మర్నాడు పొద్దున మిస్ ఓర్ వచ్చింది. కొత్తగా చేరిన ఆడ ఇన్‌స్పెక్టరు, చిన్న వయసు. వీధిలో బండి ఆగి ఉంది. గ్రిజెల్ చెయ్యి దానంతటదే చువ్వ అందుకుంది. ఆ అమ్మాయి కింది వాటాల్లో విచారిస్తుండగానే రొప్పుతూ పైకెక్కింది. మారియన్ అప్పటికే నెటీని మంచం కిందికి తోసేసింది. గ్రిజెల్ వెళ్లి అంచున కూర్చుంది.

"పాప ఏదమ్మా?" అంది మిస్ ఓర్, గుమ్మంలో నిలబడి.

"పెయిస్లీలో మా ఆడబిడ్డ ఇంటికి పంపాం," అంది మారియన్.

"గొంతు పట్టేసిన పిల్లనా? చూడమ్మా, ఇప్పుడు దీనికి సూదిమందు ఉంది. ఇవాళ వేస్తే బతికే పిల్ల. రేపటి మాట నేను చెప్పలేను."

మారియన్ తల్లి వంక చూసింది. చెప్పేయనా అని అడుగుతున్నట్టే ఉంది. అదే క్షణంలో మంచం కింద ఊపిరి గరగరమని తెగింది. గ్రిజెల్ గట్టిగా దగ్గడం మొదలుపెట్టింది. ఆపలేదు.

"ఆ దగ్గేంటి అవ్వా? ఎన్నాళ్ల నుంచి?"

"ఈ ఊరి పొగేనమ్మా. పుట్టినప్పట్నుంచీ ఇంతే."

మిస్ ఓర్ మంచం వైపు కాసేపు చూసింది. దగ్గుతున్న ముసలావిణ్ణి లేవమనడానికి నోరు రాలేదు. బండి ఖాళీగా వెళ్లిపోయింది.

ఆ వారమే, గురువారం తెల్లవారకముందే నెటీ తల్లి ఒళ్లో పోయింది. "నంబరు కాకుండా మన చేతుల్లో పోయిందే," అంది గ్రిజెల్, ఓదార్పనుకుని. మారియన్ ఆ తర్వాత తల్లితో మాట్లాడలేదు.

మారియన్ గదిలో రోగం అంటు పోయేలా గంధకం పొగ వేయించడానికి మిస్ ఓర్ మనుషులను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ రోజు చువ్వ మోగలేదు. పని అయ్యాక ఆ అమ్మాయి కింది గది తలుపు తట్టింది.

"అవ్వా, ఆ రోజు మీ దగ్గు చూసి బెంగగానే ఉంది. ఛాతీ చూపించుకోండి, చీటీ రాసిస్తాను."

"నాకు దగ్గు లేదమ్మా," అంది గ్రిజెల్. "పిల్ల నా కాళ్ల కిందే ఉంది. దాని ఊపిరి మీకు వినపడకూడదని దగ్గాను."

మిస్ ఓర్ సగం రాసిన చీటీని మడిచేసింది.

"లెమ్మని ఒక్క మాట అనుంటే లేచేదాన్ని తల్లీ," అంది గ్రిజెల్.