రొయ్యల షెడ్డు దాకా వెళ్లిన పాస్టరమ్మగారు

ఆదివారం ఆరాధనకు గంట కొట్టబోతుండగా పాస్టరమ్మగారి కూతురు ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ వెళ్లిపోయింది. నిద్రలోనే. కాఫీ పెట్టి లేపుదామని వెళ్లాను..." అంది. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "హమ్మయ్య". దయచేసి తప్పుగా అనుకోకండి. ఆవిడ భర్త, మా పాస్టరుగారు, పోయే ముందు ఏళ్ల తరబడి మంచం మీదే ఉన్నారు. ఆయన్ని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టింది ఆవిడే. "నన్ను మాత్రం అలా ఉంచొద్దని దేవుణ్ణి రోజూ అడుగుతున్నాను రా" అనేవారు. ఆవిడ అడిగింది ఆవిడకి దొరికింది. అటువైపు నుంచి ఆ అమ్మాయి కూడా, "అవునన్నా, నాకూ అలాగే అనిపించింది" అని ఏడ్చింది.

పాస్టరమ్మగారు అందరూ అనుకునేంత మెత్తని మనిషి కాదు. ప్రసంగం పొడుగైతే ముందు వరుసలోనే కునుకు తీసేవారు. ఆటోవాళ్లతో, కూరగాయలవాళ్లతో బేరమాడటంలో విజయవాడలో ఆవిడని మించినవాళ్లు లేరు. నేను కాలేజీలో ఇంగ్లిషు చెబుతాను కాబట్టి, నాకు కారు ఉంది కాబట్టి, ఆవిడకి నేను సగం డ్రైవర్ని, సగం దుబాసీని.

పాస్టరుగారు మొట్టమొదట పనిచేసిన చిన్న చర్చి బందరు వైపు ఒక ఊళ్లో ఉంది. ఆయన పోయాక కూడా నెలకోసారి ఆవిడ అక్కడికి వెళ్లేవారు. ఒకసారి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పంచుతుంటే మరియమ్మ అనే ఆవిడ చేతిలోంచి చిన్న రసం గిన్నె జారి పడిపోయింది. ఆవిడ సిగ్గుతో కుంచించుకుపోయింది. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు ఆవిడ చేతులు పట్టుకుని చూశారు. వేళ్లు ఉబ్బి, గోళ్ల పక్కన ఒరుసుకుపోయి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది?"

"రొయ్యల షెడ్డులో పనండీ, అమ్మగారూ. పొద్దస్తమానం మంచులో చేతులు పెట్టి పొట్టు తీయాలి. గ్లౌజులు చిరిగితే మళ్లీ ఇవ్వరండి."

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్లారు. మేనేజరు కుర్చీ వేయించాడు, కూల్‌డ్రింక్ తెప్పించాడు. చెడ్డవాడిలా ఏమీ లేడు. "అమ్మా, మా సరుకంతా ఫారిన్‌లో ఒక పెద్ద స్టోరుకి వెళుతుంది. వాళ్లు ఏటికేడు రేటు తగ్గించమంటారు. మేత ధర తగ్గదు, కరెంటు తగ్గదు. ఇంక తగ్గించడానికి మాకు మిగిలింది ఈ ఆడవాళ్ల కూలేనండి" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ రైతు బజారు దగ్గర ఆగమని, బెండకాయల దగ్గర అలవాటుగా "ఎంతకిస్తావ్, ఆఖరి మాట చెప్పు" అన్నారు. అంతలోనే ఆగిపోయి, చెప్పిన ధర ఇచ్చేసి కారెక్కారు. "ఆ స్టోరువాడూ నేనూ ఒకటేరా" అన్నారు. కాసేపటికి, "వాళ్లతోనే మాట్లాడాలి" అన్నారు.

నేను నవ్వాను. "వాళ్లు మనకెక్కడ దొరుకుతారండీ? సముద్రాలు దాటి ఉన్నారు."

"ఏం, అక్కడ చర్చి లేదా?"

ఉంది. మా చర్చి కట్టించిన మిషనరీల ఊరు అదే దేశంలో ఉంది. అక్కడి సంఘంవాళ్లు అప్పుడప్పుడూ మమ్మల్ని చూడటానికి వస్తుంటారు. కానీ మా సంఘ పెద్దల్లో ఒకాయనకి ఈ వ్యవహారం నచ్చలేదు. "ఎగుమతులు, రేట్లు... చర్చికెందుకమ్మా ఈ గొడవ? ప్రార్థన చేద్దాం" అన్నాడు.

"తప్పకుండా చేద్దాం బాబూ. ఒకసారి మరియమ్మ చేతులు చూసొచ్చి చేద్దాం" అన్నారావిడ. ఆయన్ని నిజంగానే తీసుకెళ్లారు. తిరిగొచ్చాక ఆయనే, ఆ ఫారిన్ సంఘంవాళ్లతో వీడియో కాల్ కోసం తన ఇంట్లో పెద్ద టీవీ ఇచ్చాడు.

ఆ సాయంత్రం టీవీలో తెల్లజుట్టు ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు మగవాళ్లు కనిపించారు. మరియమ్మ చేతులు ముందుకి చాచి చూపించింది. అటువైపు ఒకావిడ కళ్లు తుడుచుకుని, "మేమింక ఆ స్టోరులో రొయ్యలు కొనం" అంది. నేను తెలుగులో చెప్పగానే మరియమ్మ గాభరా పడిపోయింది. "అయ్యో, మానేయొద్దని చెప్పండి బాబూ! మానేస్తే మా పని పోద్ది. కొనమనండి. కొంచెం సరైన రేటిచ్చి కొనమనండి."

ఆ మాటే వాళ్లు అట్టల మీద రాసి, ఆదివారం ఆరాధన అయ్యాక స్టోరు ముందు నిలబడ్డారు. పక్క ఊళ్ల చర్చిలవాళ్లు కూడా కలిశారు. ఇక్కడ మేమూ చర్చి చర్చికీ తిరిగి, ఆ స్టోరుకి రాసిన ఉత్తరం మీద సంతకాలు చేయించాం.

ఆ తర్వాత గడ్డురోజులొచ్చాయి. విషయం బయటికి పొక్కిందని షెడ్డువాళ్లు మరియమ్మనీ మరికొందరినీ పనిలోకి రావద్దన్నారు. పాస్టరమ్మగారు అంతగా కుంగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "మేలు చేద్దామని పోయి వాళ్ల నోటికాడ కూడు తీశాను రా" అని వరండాలో కూర్చుండిపోయారు. మా ఆడవాళ్లు అన్నం వండినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి చర్చి కోసం దాస్తారు. ఆ బియ్యమంతా ఆవిడ మూటలు కట్టించి, పని పోయినవాళ్ల ఇళ్లకి పంపారు. తను మాత్రం వెళ్లలేదు. వాళ్ల ముఖం చూడలేనన్నారు. చివరికి మరియమ్మే బస్సెక్కి వచ్చింది. "మీరు రాకపోతే మేం తప్పు చేసినట్టు ఉంటదండీ, అమ్మగారూ" అంది. ఆ మరుసటి వారమే ఆవిడ మళ్లీ అక్కడికి వెళ్లారు.

పోయిన వానాకాలంలో స్టోరు తరఫున మనుషులు వచ్చారు. షెడ్డంతా తిరిగి చూశారు, ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. రేటు పెంచడానికి ఒప్పుకున్నారు. పెంచినదాంట్లోంచి కూలి పెరగాలని, గ్లౌజులు అడిగినప్పుడల్లా ఇవ్వాలని, మధ్యమధ్య చేతులు కాచుకోవడానికి వేడినీళ్లు పెట్టాలని షరతు పెట్టారు. ఆపేసినవాళ్లందరినీ షెడ్డువాళ్లు వెనక్కి తీసుకున్నారు. దీంతో ప్రపంచంలో వ్యాపారమంతా బాగుపడిపోయిందని నేననను. పక్కనున్న షెడ్డులో ఇప్పటికీ పాత పద్ధతే. ఈ కబురు చెబితే పాస్టరమ్మగారు స్తోత్రం అంటారనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, "కాస్త కాఫీ ఇయ్యమ్మా" అని కూతురితో అన్నారు. కాఫీ వచ్చేసరికి గుర్రు పెడుతున్నారు. ఆ తర్వాత ఉన్న నెలల్లో ఆవిడ ముఖం ఎంతో తేటగా ఉండేది.

భూస్థాపనకి షెడ్డు ఆడవాళ్లంతా వచ్చారు. మేనేజరే కంపెనీ వ్యాను ఇచ్చి పంపాడు. సమాధి మీద మట్టి వేశాక అందరం గేటు దగ్గర నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. సంఘ పెద్దాయన ఆవిడ తనని షెడ్డుకి లాక్కెళ్లిన వైనం ఆవిడ గొంతుతోనే చెబుతుంటే ఒకటే నవ్వులు. ఆవిడ కూతురు కూడా నవ్వింది. అటుగా పోతున్నవాళ్లు ఇదేం చావు ఇల్లురా అన్నట్టు చూశారు.

తర్వాత వాళ్లు వ్యానెక్కారు. పొద్దున్నే లేచి వచ్చిందేమో, బండి కదలకముందే మరియమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఎండ నేరుగా ఆవిడ ముఖం మీద పడుతోంది. పక్కన కూర్చున్నావిడ తన చీర కొంగు తీసి, ఆవిడని లేపకుండా, కిటికీకి అడ్డంగా పట్టుకుంది. వ్యాను బందరు రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ ఆకుపచ్చ కొంగు అలాగే చాచి ఉంది.