యాంగ్ మేడమ్ మెనూలో పేగులు

ఖోర్ ఫక్కాన్‌లో నేను పనిచేసే చైనా హోటల్లో మిరియాలు పడిన మటన్ పులుసు ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, మనసు దుబాయ్ అల్ కుసైస్‌లోని యాంగ్ మేడమ్ హోటల్ వంటింటికి వెళ్లిపోతుంది. ఆమె నా మొదటి యజమానురాలు. చైనాలో వాయవ్యాన ఉన్న నింగ్షియా ఆమెది. కరోనా తెరిపిచ్చి టూరిస్టులు రావడం మొదలయ్యాక, మెనూను ఇంగ్లీషులోకి మార్చే పని నాకు అప్పగించింది. జగిత్యాల నుంచి వచ్చిన వెయిటర్‌ని నేను. డిగ్రీ చదివానన్న పొగరు మాత్రం మేనేజర్‌కు సరిపడా ఉండేది.

వాళ్ల ఊరి వంటకం ఒకటుంది, యాంగ్‌జా. గొర్రె పేగులు, కాలేయం, గుండె వేసి కాచే పులుసు. పేగులని రాస్తే తెల్లవాళ్లు పారిపోతారని తెలివిగా 'స్పెషల్ లాంబ్ సూప్' అని రాశాను. మొదటి వారమే ఒక పెద్దాయన చెంచాతో కలిపి చూసి, గిన్నె పక్కకు నెట్టి, "నన్ను మోసం చేశారు" అంటూ లేచి వెళ్లిపోయాడు. నా ఉద్యోగం ఖలాస్ అనుకున్నాను.

మేడమ్ అరవలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్క మాటే అడిగింది. "మా అమ్మ వంట పేరు చెప్పడానికి నీకు సిగ్గేసిందా?"

దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది. గిన్నెలు కడుగుతున్న నిజామాబాద్ రాజన్న కూడా వదల్లేదు. "ఏం తమ్మీ, మనింట్ల బోటి వండితె చుట్టాలకు బోటి అనే చెప్తం గద? ఈడ గిన్ని షోకులెందుకు?"

మర్నాడు అచ్చయిన మెనూలన్నీ మేడమ్ చించేసింది. ఒక్కో వంటకానికీ నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టింది. కోసేటప్పుడు చూడాలి, వండాక తినాలి, ఆ తరువాతే రాయాలి. పైన వాళ్ల ఊళ్లో ఆ వంటకాన్ని పిలిచే పేరు, కింద ఉన్నదున్నట్టు ఇంగ్లీషు. నెలన్నర పట్టింది. యాంగ్‌జా కింద గొర్రె పేగులు, కాలేయం, గుండె అన్నీ రాసి వినిపిస్తే, "ఇప్పుడు మా అమ్మ కూడా గుర్తుపడుతుంది" అంది. ఆ పులుసు అడిగేవాళ్లు తగ్గారు గానీ, అడిగినవాళ్ల గిన్నెలు మాత్రం ఖాళీగా వెనక్కి వచ్చేవి. చివరి పేజీలో 'ఇంగ్లీషు: శ్రీనివాస్, వెయిటర్' అని వేయించింది. ఆ రోజు నా గర్వం అంతా ఇంతా కాదు.

రెండేళ్ల క్రితం ఆమె హోటల్ అమ్మేసి తన దేశం వెళ్లిపోయింది. మొన్న ఇక్కడి మా ముదీర్, అదే మేనేజర్, నేను రాసిన మెనూ చూసి మొహం చిట్లించాడు. "పేగులు అనే మాట తీసెయ్. ఫారినర్లు జడుసుకుంటారు."

"ఆ మాట తీసేస్తే వంటకం కూడా తీసెయ్యండి సార్" అన్నాను.

ఆయన మెనూ తిరిగి నా చేతిలో పెట్టి, "సరే, ఉండనీ" అన్నాడు. పైవాళ్ల ముందు అలా నిలబడే ధైర్యం నాకు పుట్టుకతో రాలేదు. యాంగ్ మేడమ్ పొయ్యి దగ్గర నిలబెట్టి తినిపించిన తిండితో వచ్చింది.