చిల్లగింజల గంప

మా మేనమామ పోయాడు. పోయిన నెల, ఒక మధ్యాహ్నం, ఖమ్మం దవాఖానలో. జీవితమంతా మూలికలు అమ్మిన మనిషి ఇంగ్లీషు మందుల మంచం మీద పోవడమేమిటని దినం నాడు ఒకరిద్దరు గుసగుసలాడారు. వాళ్లకు మామ తెలియదు. ఛాతీలో నొప్పి అంటూ ఎవరైనా దుకాణం మెట్టెక్కితే, "గుండెకు నా దగ్గరేం లేదు. జల్దీ ఆటో ఎక్కు" అని పంపేవాడు. తన వంతు వచ్చినప్పుడు తనే ఆటో పిలుచుకున్నాడు. అంత నొప్పిలోనూ కిరాయి బేరమాడాడని అత్త ఏడుస్తూనే చెప్పింది.

దుకాణం మిర్చి యార్డు పక్కన. యార్డు ఊరందరినీ దగ్గిస్తుంది, మామ కరక్కాయ అమ్ముతాడు. ఇది ఇరుపక్షాల రహస్య ఒప్పందమని నేను ప్రచారం చేసేవాణ్ని. మామ నవ్వేవాడు కాదు. నవ్వు దాచుకోవడానికి దగ్గర్లో ఉన్న బస్తాలో చెయ్యి పెట్టి గింజలు కలియబెట్టేవాడు.

ఆయన తాత కాలంలో భద్రాచలం అడవి సరుకు బండ్ల మీద గోదావరి దాకా వచ్చి, పడవల్లో రాజమండ్రి చేరి, అక్కణ్నుంచి ఓడలెక్కేదట. ఓడలవాళ్లు ముషిణి గింజలు అడిగితే అడవంతా ముషిణే ఏరింది. అడగని వేళ్లను తవ్వడం మానేశారు. తవ్వడం మానాక వాటి పేర్లు, వాడే తీరు కూడా మరిచిపోయారు.

"వైద్యుడు చెప్పిందే మేం అమ్మినమనుకుంటరు గానీ, అల్లుడా, మేం తెచ్చిందే వైద్యుడు చెప్పిండు. మా తాత వద్దన్న వాట్ల ఎన్ని మందులు పోయినయో ఎవలకెరుక?" అనేవాడు మామ.

ఆ బాధతోనే ఏటా ఎవరికీ అక్కర్లేని సరుకు ఒక గంప కొనేవాడు. చిల్లగింజలు. మట్టికుండ లోపల ఒక గింజను అరగదీసి బురద నీళ్లు పోస్తే, కాసేపటికి మడ్డి అడుక్కు దిగి పైన నీళ్లు తేటపడతాయి. ఫిల్టర్లొచ్చాక వాటిని అడిగేవాళ్లు లేరు. మామ మాత్రం దుకాణం మూలనున్న కుండలో ఒక రాగిపైస వేసి ఉంచేవాడు. అది కనబడితేనే నీళ్లు తాగనిచ్చేవాడు.

గింజలు తెచ్చేది భద్రాచలం అవతలి అడవి పల్లెలోని ఒక కోయ అవ్వ.

"ఎవలు కొంటరని కొంటున్నవ్, తమ్మీ?"

"నువ్వు ఏరుడు మరిచిపోవద్దని, అక్కా."

"నేనెందుకు మరుస్త? పోయినేడు చాయ్ తాపుడు మరిచినోనివి నువ్వు."

నేను డిగ్రీలో వృక్షశాస్త్రం వెలగబెడుతున్న రోజుల్లో, సెలవులకొచ్చి దుకాణం సర్దే మహత్కార్యానికి పూనుకున్నాను. ఒక బస్తాలో అడుగున కాసిని ముషిణి గింజలు, ఇంకో బస్తాలో సగానికి చిల్లగింజలు. రెండూ ఒకే ప్రజాతి, పుస్తకమే సాక్ష్యం. ఒక బస్తా ఖాళీ అవుతుంది కదా అని ముషిణిని చిల్లగింజల్లో కుమ్మరించాను. ముషిణి విషం. శుద్ధి చేయడం తెలిసిన వైద్యులకు తప్ప మామ ఎవరికీ ఇవ్వడు. ఆ సంగతి నాకు పరీక్షలో గుర్తొచ్చింది గానీ దుకాణంలో రాలేదు.

మర్నాడు మామ అలవాటుగా ఆ బస్తాలో చెయ్యి పెట్టి, కలపబోయి ఆగిపోయాడు.

"ఇందులకెల్లి ఎవలికన్న ఇచ్చినవా?"

"నిన్న... నేలకొండపల్లి రైతుకు. పిడికెడు."

మిర్చి తెచ్చిన రైతు, బోరు ఎండి చెరువు నీళ్లు తాగుతున్నామంటే, ఎన్నాళ్లకో గిరాకీ అని సంబరంగా పొట్లం కట్టిచ్చాను. మామ తిట్టలేదు. పట్టపగలు దుకాణానికి తాళం వేశాడు. యార్డులో ఆ రైతు ఇల్లు వాకబు చేసుకుని, కదులుతున్న బస్సెక్కాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. ఆ రైతుకు పిల్లలెందరో నాకు తెలియదు. ఊహించుకోవడానికి మాత్రం కావలసినంత సమయం దొరికింది.

పొద్దుగూకే వేళకు వచ్చి పొట్లం నా చేతిలో పెట్టాడు. కట్టిన దారం కట్టినట్టే ఉంది.

"ఇంకా విప్పలే. ఉట్టి మీద పెట్టిండు."

నాకు ఏడుపాగలేదు. ఆగాక నసిగాను, "రెండూ ఒక్కటే ప్రజాతి, మామా..."

"ఒక్కింట్ల పుట్టినోళ్లందరు ఒక్కతీరే ఉంటార్రా? మీ అక్క నీ లెక్కనే ఉన్నదా?" అని, బస్తా నా ముందు బోర్లించాడు. "కండ్లు మూసుకో. ముషిణి బిళ్ల లెక్కుంటది, పట్టు లెక్క జారుతది. చిల్ల గుండ్రంగుంటది. వేళ్లకు చెప్పు, పుస్తకానికి గాదు."

రెండు రోజులు ఏరాను. నేను ఏరినదంతా ఆయన మళ్లీ ఏరాడు.

దినం అయిన మూడోనాడు దుకాణం తెరుద్దామని వెళ్తే, అవ్వ మెట్ల మీద గంప పెట్టుకుని కూర్చుని ఉంది. మామ పోయిన సంగతి చెప్పాను. చాలాసేపు తాళంకేసి చూసింది.

"ఇగ వీటినేం జెయ్యాలె?"

"నేను తీసుకుంటా, అవ్వా."

"నువ్వా? గప్పుడు కలిపినోనివి నువ్వేగద?"

మామ ఆవిడకు కూడా చెప్పాడన్నమాట. అవునన్నాను. ఆవిడ గంపలోంచి ఒక గింజ తీసి నా అరచేతిలో పెట్టింది. అడక్కుండానే కళ్లు మూసుకున్నాను. గుండ్రంగా, గరుగ్గా ఉంది.

లోపల మామ కుండ ఎండిపోయి ఉంది. లోపలి అంచు చుట్టూ గింజ అరగదీసి, నల్లా నీళ్లు నింపాను. వానలకు ఎర్రగా వస్తున్నాయి. రెండు చాయ్‌లు తెప్పించాను. అవ్వ తాగి గ్లాసు కింద పెట్టింది. ఇద్దరం కుండమీదికి వంగి చూస్తూ కూర్చున్నాం. ఎరుపు మెల్లగా దిగుతోంది. చాలాసేపటికి, అడుగున, రాగిపైస అంచు కనబడింది.