ఎదురు మేడ మీది సూర్యుడు

నాకు అనుమానం ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో, తొంభైల మొదట్లో, మా ఆయన రోజూ కాఫీ గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే డాబా ఎక్కేస్తుంటే నా మనసు ఊరుకోలేదు. కొత్తవాల్ చావడి బజారు పక్క సందులో ఇల్లు, తరతరాలుగా మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం. మాకు తూర్పున అద్దె గదుల మేడ. పొద్దున్నే దాని మీద బట్టలు ఆరేసుకునే అమ్మాయిలు ఉంటారు, పళ్ళు తోముకునే కుర్రాళ్ళూ ఉంటారు. ఈయన చేతిలో దుర్భిణి. ఇంకేం కావాలి నాకు?

ఒకరోజు చప్పుడు చెయ్యకుండా వెనకే ఎక్కాను. దుర్భిణి స్టాండు మీద ఆకాశం వైపు తిరిగి ఉంది. ఆయన దానికి కన్నయినా ఆనించలేదు. దాని వెనక, నీడలో పట్టుకున్న తెల్ల అట్ట మీద అరచేతంత సూర్యుడు పడ్డాడు. అందులో రెండు నల్లటి చుక్కలు.

"గొట్టంలో కన్ను పెడితే కన్ను పోతుంది. అట్ట మీదే చూడు," అన్నారు.

అద్దానికి దుమ్ము అంటుకుందేమో అన్నాను. ఆయన నవ్వి మంచినీళ్ళకు కిందికి వెళ్ళగానే కంటిదగ్గరి అద్దాన్ని మెల్లగా తిప్పి చూశాను. దుమ్మయితే దానితోపాటు తిరగాలి కదా. చుక్కలు కదల్లేదు. ఆరోజు సూర్యుణ్ణి నమ్మాను, తర్వాత ఆయన్ని నమ్మాను.

అప్పటినుంచి నాకూ పాఠాలు మొదలయ్యాయి. సూర్యుడు తిరుగుతాడు కాబట్టి మచ్చల గుంపు తూర్పు అంచున కనబడి, రెండు వారాలు నిండేలోపు పడమటి అంచు దాటిపోతుంది. ఈలోగా అది పెరగవచ్చు, చీలవచ్చు, చెరిగిపోవచ్చు. బాగా చిక్కుపడ్డ గుంపయితే ఉన్నట్టుండి భగ్గుమంటుంది. అప్పుడు పట్టపగలు షార్ట్‌వేవ్ రేడియో కాసేపు మూగబోతుందట. ఈ మాట మాత్రం నేను నమ్మలేదు.

జనవరిలో ఆయన సరుకు కొనడానికి గుంటూరు బయలుదేరారు. అంచున అప్పుడే తొంగిచూస్తున్న చిన్న గుంపును చూపించి, "నేనొచ్చేదాకా దీన్ని విడవబాక. దినమూ గీసిపెట్టు," అన్నారు.

గీశాను. అది చూస్తుండగానే పెరిగింది. పోపులో ఆవాలు చిట్లి ఒకచోట చేరినట్టు చుక్కలన్నీ గుమిగూడి, పెద్ద మచ్చ ఒకటై, చుట్టూ బూడిదరంగు అంచు కట్టింది. మా అత్తగారు మధ్యాహ్నం సిలోన్ నుంచి వచ్చే తెలుగు పాటలు వినందే నడుం వాల్చరు. ఒకరోజు పాట మధ్యలో రేడియో గొంతు పడిపోయింది. ఉత్త బుస మాత్రం మిగిలింది. ఆయన చెప్పింది నిజమేనన్నమాట!

"సూర్యుడి పని అత్తా," అన్నాను సంబరంగా.

"నువ్వు తిప్పి చెడగొట్టి, పావం, సూర్యుడి మీద పెడతావా?"

కాసేపటికి పాటలు తిరిగొచ్చాయి. ఆవిడ చూపు మాత్రం మారలేదు. డాబా మెట్ల వైపు చెయ్యి చూపించారు. "మొగుడు ఊళ్ళో లేడు. పొద్దున లేస్తే మొట్టమాడి మీద నీకేం పనమ్మే?"

"గీస్తా ఉండాను అత్తా."

"ఎవురిని?"

ఒళ్ళు మండిపోయింది. ఇదే డాబా మీద ఇదే అనుమానం నేను ఆయన మీద పడ్డానని గుర్తొచ్చి ఇంకా మండింది. "వాడు రానీ. ఆ గొట్టాన్ని పాత ఇనుముకు ఏసేస్తా. మీ నాయనకూ కబురంపిస్తా," అన్నారు. మా నాన్న చెవిన అలాంటి మాట పడితే ఏమవుతుందో తలుచుకుంటే అన్నం సయించలేదు. అయినా డాబా ఎక్కడం మానలేదు.

భోగినాడు ఊరంతా పాత చాపలూ టైర్లూ తగలబెట్టిన పొగ. అట్ట మీద సూర్యుడు పడే ఆశ లేదు. అయినా పైకి వెళ్ళాను. ఎదురు మేడ నీళ్ళట్యాంకు పైన సూర్యుడు ఎర్రటి పళ్ళెంలా లేచాడు. పొగకు కాంతి చచ్చిపోయింది. దాని నడుమ, ఏ అద్దమూ లేకుండానే, నా మచ్చ! అలా చూస్తే కళ్ళకు చేటని తెలిసీ నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

వెనక అత్తగారి గాజుల చప్పుడు. సరిగ్గా అదే సమయానికి, సూర్యుడి కిందుగా, భుజాన తువ్వాలు వేసుకుని ఒక కుర్రాడు పళ్ళు తోముకుంటున్నాడు. చిక్కావులే అన్నట్టు చూశారావిడ.

"వాణ్ణి కాదత్తా, పైన!" అని ఆవిడ గడ్డం పట్టుకుని ఎత్తాను.

ఆవిడ చూశారు. పొగకు కళ్ళనీళ్ళు కారాయి. తర్వాత రెండు చెంపలూ వేసుకున్నారు.

"ఉండాది. నల్లగా ఉండాది."

ఆ మర్నాటి నుంచి గుంపు పడమటి అంచు దాటేదాకా రోజూ నాతోపాటు డాబా ఎక్కారు. మచ్చను చూడ్డానికో, నన్ను చూడ్డానికో ఇప్పటికీ తెలియదు.

ఆయన వచ్చేసరికి గుంపు వెళ్ళిపోయింది. నేను గీసిన కాగితాలన్నీ నేల మీద పరిచి చూశారు. "ఇన్నాళ్ళలోనే ఇంతా? కొంచెం ఊహించి ఏసినావు గదా?" అన్నారు, నవ్వుతూనే.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినబడింది. "నేను చూసినా రా. ఇంత ఉండె."

"అట్నా అమ్మా!" అంటూ నా కాగితాలు ఒక్కొక్కటే జాగ్రత్తగా ఏరి దొంతి పెట్టుకున్నారు. ఆవిడ చూసింది భోగి నుంచే. నేను గీసింది మొదటిరోజు నుంచి. ఆ రాత్రి ఆయన గుంటూరు నుంచి తెచ్చిన చీర మడతయినా నేను విప్పి చూడలేదు.

ఇంకో రెండు వారాలకు గోడౌన్‌లో లోడు దిగుతుండటంతో ఆయనకు డాబా ఎక్కే తీరిక లేకపోయింది. నేనొక్కదాన్నే వెళ్ళి అట్ట పట్టాను. తూర్పు అంచున, సన్నగా నొక్కినట్టు, అదే గుంపు. చుట్టూ తిరిగి వచ్చేసింది. పక్కనే కొత్త చుక్క ఒకటి తోడు తెచ్చుకుంది. చాలాసేపు చూశాను.

కిందికి దిగేసరికి ఆయన చెప్పులు వేసుకుంటున్నారు. "ఏమన్నా ఉండాదా?" అన్నారు. బియ్యం ఏరుతున్న అత్తగారు కూడా తలెత్తారు.

"ఏం లేదండీ," అన్నాను.

ఆ మాటను మాత్రం ఇద్దరూ వెంటనే నమ్మారు.