నల్లా దగ్గర గుచ్చిన గుండుసూది

నేను ఫ్యాక్టరీలో పనివాళ్ల కదలికలను బొమ్మగా చూపే విభాగంలో ఉండేవాణ్ణి. షెడ్డు పటాన్ని చెక్కకు అతికించి, మిషన్ ఉన్న ప్రతిచోటా గుండుసూది గుచ్చేవాళ్లం. మనిషి ఎటు నడిస్తే అటు, సూది నుంచి సూదికి దారం చుట్టడం. దారం ఎక్కడ చిక్కబడితే అక్కడ తిరుగుడు ఎక్కువన్నమాట.

ఆ విద్యను ఇంటికి తెచ్చాను. బహదూర్‌పురాలో మేమున్న వాటాకు నీళ్లు గల్లీ మొదట్లోని నల్లా నుంచే రావాలి. కాన్పు అయినప్పటి నుంచి నా భార్యకు నడుంనొప్పి. ఫలక్‌నుమాలో ఇంట్లోనే నల్లా ఉన్న వాటా ఖాళీ అయింది. శుక్రవారంలోగా మాట చెప్పమన్నాడు ఇంటాయన.

"వెళ్లిపోదామండీ" అంది.

"ముందు నీ శ్రమంతా ఎక్కడ పోతోందో చూడనీ" అన్నాను. అక్కడి నుంచి ఫ్యాక్టరీకి నేను రెండు బస్సులు మారాలి. ఆ మాట మాత్రం అనలేదు.

ఆదివారం మా ఇల్లూ గల్లీ గీసిన పటం అతికించిన చెక్క ముందేసుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ పొయ్యికీ ఉయ్యాలకూ మధ్య తిరుగుతోంది, నేను చుడుతున్నాను. పక్కవాటా ఆవిడ బిందెతో ఆగింది.

"ఏంది సారూ, గీ దారం?"

"మా ఆవిడ నడకమ్మా."

"మా ఆయనకు చెప్పకు, దారంతోని నన్నే కట్టేస్తడు." నవ్వి, వంగి చూసింది. "మరి నల్లా కాడ పొద్దంత నిలబడ్తం గద, దానికేం చుట్టినవ్?"

ఏమీ చుట్టలేదు. నిలబడ్డ మనిషికి దారం కదలదు.

ఆ మాట నన్ను తినేసింది. నిలబడ్డంతసేపూ నల్లా సూదికే చుట్టి చూశాను. సూది పట్టుగూడులా ఉబ్బి ఊడిపడింది. నిమిషానికో ముడి వేశాను, దారం పొడవు కొలత తప్పింది. విసుగెత్తి గళ్ల కాగితం తీశాను. అడ్డంగా గడియారం, నిలువుగా ఇంటి నుంచి దూరం. నడిస్తే గీత ఏటవాలు, నిలబడితే చదును. నల్లా దగ్గర చదునుగా పడ్డ గీత కాగితం సగం దాటిపోయింది. ఇంకేం కావాలి? అయినా ఆ కాగితం మడిచి చెక్క వెనక దోపాను. నాకు కావలసిన జవాబు దారంలో ఉంది.

గురువారం చెక్క చూపించాను. "తిరుగుడంతా వంటింట్లోనే. బిందెలు ఇటు జరిపితే సగం తగ్గుతుంది."

ఆవిడ చెక్క అందుకుని చూసింది. "ఎటు జరిపినా వాటిలోకి నీళ్లు రావాలి కదండీ."

శుక్రవారం నేను ఫలక్‌నుమా వెళ్లలేదు. ఆ వాటా వేరేవాళ్లకు వెళ్లిపోయింది. ఇల్లు మారదామని ఆవిడ మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే కనీసం పోట్లాడేవాణ్ణి.

మరుసటి ఆదివారం ఆవిడ బిందె తీసుకుని వెళ్లింది. ఉయ్యాల్లో పిల్ల నిద్రపోతోంది. నేను చెక్క ఒళ్లో పెట్టుకుని, కొలవడానికి దారం విప్పడం మొదలుపెట్టాను. ఒక్కో సూది నుంచీ విప్పి, గజంబద్దతో కొలిచి, మళ్లీ ఉండగా చుట్టాను. అంతా అయింది. ఆవిడ ఇంకా రాలేదు. గుమ్మంలోంచి చూస్తే క్యూలో కనిపిస్తోంది, ఒక చెయ్యి నడుం మీద. లేచి వెళ్లి ఆ బిందె అందుకోవచ్చన్న ఆలోచన నాకు రానేలేదు. దారం పొడవు కాగితం మీద రాసుకున్నాను.