సిస్టరమ్మకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు

కాశీబుగ్గలో పొద్దున్నే నా షాపు షట్టర్ పైకెత్తితే ముందుగా లోపలికి వచ్చేది కస్టమరు కాదు, జీడిపిక్కల పొగ. వెనక వీధి బట్టీల్లోంచి లేచి, గొంతులో కాస్త గరగరలాడి, కీబోర్డు మీదా ప్రింటరు మీదా నా చున్నీ మీదా తీరిగ్గా కూర్చుంటుంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మొన్న ఒక కొబ్బరి మొక్కల నర్సరీ ఆయన కోసం సర్వర్‌లో చాట్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నాను. నల్లటి తెర మీద అక్షరాలు పరుగులు తీస్తున్నాయి, బయట పొగ, పక్కన ఖాళీ కుర్చీ. ఉన్నట్టుండి ఆసుపత్రి సబ్బు వాసన కూడా తగిలినట్టయి, "అయిపోవచ్చింది సిస్టరమ్మా, ఇంకొక్క నిమిషం" అన్నాను పైకే. నర్సరీ ఆయన నావైపు అనుమానంగా చూశాడు. పోయిన ఏడాది కన్నుమూసిన మనిషితో మాట్లాడుతున్నానని ఆయనకి ఏం చెప్పను!

సిస్టరమ్మ అసలు పేరు కరుణమ్మ. టెక్కలివైపు బాప్టిస్టు కుటుంబం. మిషన్ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక మా వీధిలో ఒక గది అద్దెకి తీసుకుంది. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగితే "సెలవు దొరకనేదే" అనేది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ఊళ్ళ నుంచి మా పక్క పలాసకి డయాలసిస్‌కి వచ్చేవాళ్ళ కోసం చర్చి సంఘం వాళ్ళు ఒక వ్యాను కొన్నారు. కులం, మతం అడిగేది లేదు, ఎవరైనా ఎక్కొచ్చు. ఎవరు ఏ రోజు వస్తారు, ఎవరిని ఎక్కడ ఎక్కించుకోవాలి, మిషను ఖాళీ లేకపోతే ఎవరి సమయం ఎవరికి మార్చాలి, ఇదంతా చూసేది సిస్టరమ్మ. జీతం లేని ఆ పని ఆమెకి ప్రాణం. వ్యాను ఒకరోజు షెడ్డులో పడితే ఆ రోజు ఆవిడకి అన్నం సహించేది కాదు.

ఒకరోజు నా షాపుకొచ్చి, జెరాక్సు కోసం నిలబడిన వాళ్ళందరినీ దాటుకుని, నా ఎదురుగా కూర్చుంది.

"ఓలే గుంటా, ఫోన్ నెంబర్లు కనబడకుండా అందరూ ఒకదగ్గర రాసుకునేది ఏటైనా ఉన్నాదా?"

"ఉంటాది. ఐతే ఉన్న వాట్సాప్ గ్రూపుకి ఏటొచ్చింది?"

"ఏటొచ్చిందా? పొద్దున్న లెగిస్తే బుట్టెడు గులాబీ పువ్వులు. ఆ పువ్వుల కింద వ్యాను ఎక్కడుందో ఎవలికి కనబడతాది? అదలగుండనీ. మన రవణమ్మ నెంబరు ఎవడో గ్రూపులోంచి పట్టుకుని ఒకటే ఫోన్లు. అది గ్రూపులోంచి ఎల్లిపోనాది."

రవణమ్మది కంచిలి పక్కన పల్లె. డయాలసిస్ ఆమె భర్తకి. ఆమె గ్రూపు వదిలేసిన వారంలోనే వ్యాను వచ్చే వేళ మారింది. ఆ సంగతి తెలియక మొగుడూ పెళ్ళాలు రోడ్డు పక్కన జీడితోట నీడలో మధ్యాహ్నం దాకా కూర్చుండిపోయారట. ఈ మాట చెబుతుండగానే సిస్టరమ్మ ఫోన్ మోగింది. చటుక్కున నా చేతిలో పెట్టి, "నువ్వు మాటాడు, నాకు కళ్ళద్దాలు నేవు" అంది.

"ఫోన్ మాటాడ్డానికి కళ్ళద్దాలేటి సిస్టరమ్మా!" అని పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అటువైపు వ్యాను డ్రైవరు. ఏదో చెప్పి పెట్టేశాడు. నేను తల తిప్పేసరికి ఆవిడ నా పెదాల వైపే చూస్తోంది. అప్పుడు నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు.

జెరాక్సు వాళ్ళంతా వెళ్ళేదాకా ఆగి చెప్పింది. "ఎడం చెవి ఎప్పుడో పోనాది. కుడిది పోతన్నాది. చెవికి మిషను పెట్టి సూసాను, సంతలో నిలబడినట్టు గోల తప్ప మాట అందదు. చెవిటిదానికి వ్యాను ఎవలు ఒగ్గుతారే? పాపం పెద్దావిడ, కూకోనీ అంటారు. కూకుంటే నాను సచ్చిపోతాను. ఎవలికీ సెప్పకు."

అంత గట్టి మనిషి అలా అడిగేసరికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "సెప్పను" అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ అడిగినది తయారుచెయ్యడం నా పనైపోయింది. నేను పెళ్ళిపత్రికలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఇద్దరు ముగ్గురు జీడిపప్పు వ్యాపారుల వెబ్‌సైట్లు తప్ప వేరే ఎరగను. ఉచితంగా దొరికే, లోపలి కోడు రాతంతా ఎవరైనా చూసి మార్చుకోగల చాట్ సాఫ్ట్‌వేర్‌లు ఉంటాయని మాత్రం తెలుసు. వాటిని మన సొంత సర్వర్‌లో పెట్టుకుంటే నెంబర్లు చూపించాలా వద్దా అన్నది మన చేతిలో ఉంటుంది.

సర్వర్ అంటే ఏమిటో ఆవిడకి చెప్పాల్సి వచ్చింది. ఎక్కడో పెద్ద ఊళ్ళో ఆగకుండా నడిచే కంప్యూటర్, అందులో మనం కొంత జాగా అద్దెకి తీసుకుంటాం అన్నాను. "అద్దిల్లన్నమాట. తాళం ఎవలికాడుంటాది?" అంది వెంటనే. మన దగ్గరే అన్నాను. "మరి ఇంటాయన దగ్గర ఇంకోటి ఉంటాదా?" అంది. చదువుకున్న కస్టమర్లు ఎవరూ నన్ను ఇంతవరకూ అడగని ప్రశ్న అది. రోగాల కబుర్లు కదా, పాతవి ఎప్పటికప్పుడు చెరిగిపోయేలా పెడదామని ఇద్దరం తీర్మానించుకున్నాం.

రోజూ పొద్దున్నే ఫ్లాస్కులో టీ తెచ్చి నా పక్కన కూర్చునేది. నేను డేటాబేసు పెట్టాను, సాఫ్ట్‌వేర్ ఎక్కించాను, అడ్రసు పక్కన తాళంబొమ్మ వచ్చే సర్టిఫికెట్టు తెచ్చాను. అంతా అయ్యింది, చాట్ మాత్రం కదల్లేదు. ఒక ఫోన్‌లో రాసింది రెండో ఫోన్‌లో కనబడాలంటే పేజీ మళ్ళీ తెరవాల్సి వచ్చేది. మధ్యలో ఉన్న వెబ్ సర్వర్, కొత్త కబురు వచ్చిన వెంటనే అందించడానికి తెరిచి ఉంచాల్సిన దారిని ప్రతిసారీ మూసేస్తోంది. దాని సెట్టింగుల్లో రెండు వరుసలు రాస్తే చాలు. ఆ రెండు వరుసలు ఎక్కడ రాయాలో తెలుసుకోవడానికి నేను జుట్టు పీక్కున్నాను, టేబుల్ గుద్దాను, ప్రింటర్‌ని తిట్టాను. "దాన్నెందుకే, అదేటి సేసింది?" అనేది సిస్టరమ్మ. చివరికి ఒకరోజు, నేను ముట్టుకోకుండానే నా తెర మీద దానంతటదే ఒక మాట పైకొచ్చింది: తిన్నావా? తిరిగి చూస్తే ఆవిడ తన ఫోన్ పట్టుకుని చిన్నపిల్లలా నవ్వుతోంది. ఓలమ్మో, ఆ నవ్వు చూడాలి.

అయిపోయిందనుకున్నాను. కాలేదు. సిస్టరమ్మకి ఒక పద్ధతుంది. ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సులకి ఇంజెక్షను నేర్పేముందు వాళ్ళని రోగి మంచం మీద పడుకోబెట్టి, కాసేపు ఫ్యాను వంక చూడమనేదట. గ్లాసు చేతికందుతుందో లేదో, వెలుతురు కళ్ళలో పడుతోందో లేదో పడుకున్నవాడికే తెలుస్తుంది. "నువ్వు కూడా మంచం మీద పడుకోవాల" అంది. అంటే, నా పెద్ద తెర ముందు కాదు, అద్దం పగిలిన ఒక పాత ఫోన్ పట్టుకుని వ్యానులో కంచిలి దాకా వెళ్ళి రావాలి. వెళ్ళాను. కొబ్బరితోటల మధ్య సిగ్నల్ పోయేది, అప్పటిదాకా రాసింది మాయమైపోయేది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఎడమచేతికి సూది ఉన్న మనిషి ఒంటిచేత్తో నొక్కాలంటే పంపే బటన్ అందదు. నేను పెద్ద తెర మీద చూసుకుని మురిసిన చాట్ వ్యానులో పనికిరానిదని తేలింది. తిరిగొచ్చి సగం మార్చాను. ఇవాళ్టికీ ఏది తయారుచేసినా వాడబోయే మనిషి కుర్చీలో కూర్చుని చూసుకోకుండా ఎవరికీ ఇవ్వను. అది ఆవిడ పెట్టిన అలవాటే.

ఇక చాట్‌ని అందరికీ తెరిచిన రోజు జరిగిన తమాషా చెప్పాలి. లోపలికి రావడానికి ఒక్కటే ప్రశ్న పెట్టాం: మిమ్మల్ని ఏమని పిలవాలి? ఆ ప్రశ్న ఇద్దరం కలిసి ఎంతో ఆలోచించి రాసిందే. మా వైపు మనిషిని ఏమని పిలుస్తారు? పెద్దవాడైతే మావ, ఈడువాడైతే బావ. అందరూ నిజాయితీగా అదే రాశారు. సాయంత్రానికి చాట్ గది నిండా మావలూ బావలూ, ఇద్దరు వదినలు, ఒక పెద్దమ్మ. మర్నాడు పొద్దున్న "నాను ఈరోజు రాను" అని ఒక మావ రాశాడు. డ్రైవరు బారువ మావ అనుకున్నాడు. బారువలో ఎండుచేపల వ్యాపారం చేసే ఆ పెద్దాయన జంక్షన్లో చెయ్యెత్తి నిలబడుంటే, ఆయన ముందునుంచే వ్యాను వెళ్ళిపోయింది.

"మావని ఒగ్గీసి ఎల్లిపోనారు" అని ఆయన రాసిన మాట చూసి సిస్టరమ్మ ముఖం పాలిపోయింది. ఆయనకి ఆ రోజు డయాలసిస్ తప్పకూడదు. ఆవిడ వెంటనే రాసింది: "రానన్న మావ ఎవలు? బారువ రోడ్డు మీద మీ మావ ఉన్నాడు. బండి ఉన్నోలు ఎవలైనా బేగి ఎల్లండి." రానన్నది కంచిలి మావ. ఆయన వియ్యాలవారింటికి ప్రయాణమై ఉన్నాడు. కొత్త చొక్కాతో అలాగే కొడుకుని బండి తియ్యమని, బారువ మావని ఎక్కించుకుని, ముగ్గురూ ఒకే బండి మీద పలాస వచ్చి దిగారు. బారువ మావ మంచం ఎక్కేదాకా సిస్టరమ్మ టీ కూడా తాగలేదు.

ఆధార్ కార్డులో ఉన్న పేరు తప్ప వేరేది రాయనివ్వకుండా చేసేస్తానని నేను ఎగిరాను. ఆవిడ ఒప్పుకోలేదు. "కాగితంలో పేరు ఎట్టి పిలిసీవోలు ఆసుపత్రి నిండా ఉన్నారు. ఇక్కడైనా మావ అనిపించుకోనీ. పక్కన ఊరు రాయించు, సాల్తాది." అలా బారువ మావ, కంచిలి మావ అని ఊళ్ళు చేర్చాం. రవణమ్మ తిరిగొచ్చి కంచిలి వదిన అయ్యింది.

తరవాత గొడవ లేకుండా నడిచింది. సిస్టరమ్మ ఫోన్‌ని, కబురు రాగానే అరచేతిలో వణికేలా పెట్టి ఇచ్చాను. వంట చేస్తున్నా చర్చిలో ప్రార్థనలో ఉన్నా గుప్పిట్లో ఫోనే. రాసిన క్షణంలో జవాబు. కొన్నాళ్ళకి కుడిచెవి కూడా పూర్తిగా పోయింది. ఒక్కరికీ అనుమానం రాలేదు, ఆవిడకి ఒక్క ఫోను కూడా రాలేదు. నాకు ఎంత గర్వమో చెప్పలేను.

అంత గర్వంలో ఉండగా ఒకరోజు బారువ మావ జెరాక్సుకి వచ్చాడు. ఊరుకోలేక అన్నాను, "సూసావా మావా, మన చాట్ పెట్టాక సిస్టరమ్మకి ఎవలూ ఫోనే సెయ్యడం నేదు."

ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎందుకు సేత్తాం గుంటా? ఆమెకి ఇనబడదు కదేటి."

ఎవరు చెప్పారన్నాను.

"ఒకలు సెప్పాలేటి? వ్యానెనకాల నిలబడి పిలిసాను, తిరగనేదు. డ్రైవరు హారన్ కొట్టినాడు, అప్పుడూ తిరగనేదు. ఇది నీ చాట్ రాకముందు సంగతి. ఆ వేళే వ్యానులో అందరం అనుకున్నాం, ఇంక ఎవలం ఫోన్ సెయ్యకూడదని. ఎత్తితే పాపం ఇబ్బంది పడతాది. రాయడం రానోలికి రవణమ్మ రాసిపెడతాది. మాకు తెలుసునని ఆమెకి తెలియనివ్వకు. మనసు కష్టపెట్టుకుంటాది."

ఆయన వెళ్ళాక చాట్ తెరిచి చూశాను. మాట రికార్డు చేసి పంపే బటన్ ఒకటి ఉంది అందులో. అన్ని నెలల్లో ఒక్కరంటే ఒక్కరు దాన్ని నొక్కగా నేను చూడలేదు. దాని సంగతి తెలియదేమో పాపం, ఎప్పుడైనా నేర్పాలి అనుకునేదాన్ని. తెలియనిది నాకే. షట్టర్ సగం దించుకుని కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

చివరికి మోకాళ్ళు మొరాయించి, సిస్టరమ్మ వ్యాను పని తనే రవణమ్మకి అప్పగించి టెక్కలిలో మేనకోడలి ఇంటికి వెళ్ళింది. ఎవరూ ఆమెని కూర్చోమనలేదు, తనే లేచి ఇచ్చింది. నేను చూడ్డానికి వెళితే వరండాలో పక్కపక్కనే కుర్చీలేసుకుని, ఇద్దరం ఫోన్లలో రాసుకున్నాం. మేనకోడలు మమ్మల్ని చూసి నవ్వుకుంటూ అరటిపళ్ళు పెట్టి వెళ్ళింది. సిస్టరమ్మ చాలాసేపు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో రాసి పంపింది.

"ఇన్నాళ్ళూ నాకు చెవుడని ఒక్కలికీ తెలీనివ్వనేదు. సూసావా నా తెలివి."

తలెత్తితే నా ముఖం చూస్తుందని తలెత్తలేదు. వ్యాను నిండా ఉన్న మావలు, బావలు, రవణమ్మ, అందరూ నా వేళ్ళ వైపే చూస్తున్నట్టు అనిపించింది. రాశాను.

"ఒక్కలికీ తెలీదు సిస్టరమ్మా."

చదువుకుని, ఫోన్ గుండెకి ఆనించుకుని, ఎంత మురిసిపోయిందో!